ఇంట్లోకి పాము దూరితే ఏం చేయాలి?

వానాకాలం వస్తే బొరియల్లో నీళ్ళు నిండి పాములు పొడి చోటు వెతుక్కుంటూ ఇళ్ళల్లోకి వస్తాయి, ఎలుకలున్న ఇల్లయితే ఇంకా త్వరగా. మావైపు రాత్రిపూట పాము అనరు, పురుగు అంటారు. ఏమని పిలిచినా దాన్ని పట్టడం మన పని కాదు, పట్టేవాళ్ళు వచ్చేదాకా అది ఎక్కడుందో చూస్తూ ఉండటమే మన పని.

కనబడగానే ముందు పిల్లల్ని, పెద్దవాళ్ళని, కుక్కని బయటికి పంపేయండి. మీరు ఓ పదడుగుల దూరంలో ఉండి, లోపలి గదుల తలుపులు మూసేసి కింద సందుల్లో తువ్వాళ్ళు కుక్కండి, లేదంటే అది వంటింట్లోకి పోయి సిలిండర్ వెనకో బియ్యం బస్తా వెనకో దూరిందంటే ఇక ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు. ఒకళ్ళు దానిమీంచి చూపు తిప్పకుండా నిలబడాలి, ఇంకొకళ్ళు ఫోన్ చేయాలి. హైదరాబాద్‌లో అయితే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళున్నారు, మిగతా చోట్ల ఫారెస్ట్ వాళ్ళకో, దగ్గర్లో పాములు పట్టేవాళ్ళకో చెప్పండి. ఆ నంబర్లు ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి, పాము ఎదురుగా ఉన్నప్పుడు వేళ్ళు వణుకుతాయి. జూమ్ చేసి దూరం నుంచి ఒక ఫొటో తీసి పంపితే వాళ్ళకి పని తేలిక.

ఎవరూ రాలేని పరిస్థితి, పాము వీధి తలుపు దగ్గరే ఉంది అనుకోండి, తలుపు బార్లా తీసి దాని దారికి అడ్డం లేకుండా తప్పుకోండి, చాలాసార్లు అదే పోతుంది.

ఏ పామో మీరే తేల్చేయకండి. జెర్రిపోతుని చూసి నాగుపాము అనుకుంటే పర్లేదు, కట్లపాముని చూసి ఏదో విషం లేనిదిలే అనుకుంటే ప్రాణమే పోతుంది, విషం లేని తోడేలు పాముకి కూడా అలాంటి తెల్ల పట్టీలే ఉంటాయి మరి. కుక్కర్‌లా గట్టిగా బుస కొడుతుంటే రక్తపింజర కావచ్చు, అడుగు కూడా ముందుకేయొద్దు.

కర్ర అస్సలు తీయకండి. పాముని చంపడం నేరమనే 1972 వన్యప్రాణి చట్టం సంగతి అటుంచితే, కొట్టడానికి దగ్గరికి వెళ్ళి కాటు తినడం మామూలే, పైగా తెగిన తల కూడా కాసేపు కాటేయగలదు. కిరోసిన్, ఫినాయిల్, వెల్లుల్లి లాంటివి పోస్తే పాము పోదు, ఇంకో మూలకి దూరుతుంది అంతే.

కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, మంత్రం వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి పాము విషానికి విరుగుడు సీరం ఉన్న ఆస్పత్రికి పోవాలి. కట్లపాము కాటుకి నొప్పి, వాపు పెద్దగా ఉండవు, అందుకే నిద్రలో తెలియదు, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి. పాముని పట్టుకెళ్ళాలని టైం వేస్ట్ చేయకండి, మన దగ్గర దొరికే సీరం నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపే ఉంటుంది.

పాము పోయాక బాత్రూం తూముకి జాలీ వేయించండి, గోడ కన్నాలు సిమెంట్‌తో పూడ్చండి, గోడకి ఆనించిన కట్టెల మోపు దూరంగా జరపండి, ఎలుకల సంగతి చూడండి. కింద పడుకునే అలవాటుంటే దోమతెర కట్టి అంచులు పరుపు కిందకి దోపుకోండి.