కర్పూరం పడవలతో గుంపు కదలిక: ఇంట్లోనే చూసే పద్ధతి

తమంతట తాము కదిలే కణాలు గుంపులో ఎలా ఉంటాయో, అంచు దగ్గరికి వస్తే ఏం చేస్తాయో చూడటానికి మైక్రోస్కోపు, బ్యాక్టీరియా అక్కర్లేదు, పూజ కర్పూరం బిళ్ళలు చాలు.

ముందు వెడల్పాటి గాజు గిన్నెను శుభ్రంగా తోమి, సబ్బు జాడ కూడా లేకుండా కడగండి. ప్రయోగం చెడిందంటే చాలావరకు ఇక్కడే చెడుతుంది. నీళ్ళు పోసి, కింద నల్ల గుడ్డ పరవండి. కర్పూరాన్ని చేత్తో నలపొద్దు, వేళ్ళ జిడ్డు అంటుతుంది. కాగితం మడతలో చిదిమి, నువ్వుగింజంత పలుకును సన్న పట్టకారుతో నీళ్ళ మీద వదలండి.

వదిలీ వదలగానే గిర్రున తిరుగుతూ పరుగెడుతుంది. కర్పూరం నీటిపై పల్చటి పొరలా పరుచుకుని తలతన్యతను, అంటే నీటి పైభాగంలోని బిగువును, తగ్గిస్తుంది, పొర తక్కువున్న వైపు నీరు పలుకును లాక్కుంటుంది. గోడ దగ్గర ఆ పొర పరుచుకోవడానికి చోటు లేక పేరుకుపోతుంది కాబట్టి, పలుకు చాలాసార్లు గోడను తాకకుండానే వెనక్కి మళ్ళుతుంది. జోరు తగ్గాక మాత్రం అంచుకు అతుక్కుంటుంది, ఎందుకంటే గాజు పక్కన నీరు కాస్త పైకెక్కి ఉంటుంది, తేలే వస్తువులు అటే చేరతాయి. అది ఇబ్బందిగా ఉంటే నీళ్ళు అంచు దాటి ఉబ్బేదాకా పోయండి, అప్పుడు మధ్యకు వస్తాయి.

అసలు మజా గుంపులో ఉంది. గిన్నె మధ్యలో చిన్న గిన్నె బోర్లించి, చుట్టూ ఇరుకు కాలువ మిగల్చండి. నీళ్ళు చిన్న గిన్నె మునగకుండా పోయాలి. ప్లాస్టిక్ ఫైల్ కవరును పంచింగ్ మిషన్‌తో గుండ్రంగా కొట్టి, ఊడిన ప్రతి ప్లాస్టిక్ బిళ్ళకు వెనక అంచున, కింది వైపు, డబుల్ టేపుతో కర్పూరం పలుకు అంటించండి, ఇవే మన పడవలు. అన్నిటినీ ఒకే దిక్కుకు తిప్పి వదలండి. కొన్నే ఉంటే దాదాపు సమాన దూరంలో తిరుగుతాయి, ఒక్కొక్కటే పెంచుతూ పోతే, ముందు పడవ వదిలిన కర్పూరంలోకి వెనకది వచ్చి నెమ్మదిస్తుంది, దాని వెనకదీ అంతే, ఇక ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ జామే. జోరు తగ్గితే నీళ్ళు మార్చండి. కర్పూరం మింగితే విషం, చిన్నపిల్లలకు అందనివ్వకండి.

చివర్లో వేలికి కాస్త నూనె రాసుకుని నీటిని తాకండి, అన్నీ ఠక్కున ఆగిపోతాయి. 1890లో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 84 సెంటీమీటర్ల వెడల్పున్న తొట్టిలో ఇదే చేసి, కర్పూరాన్ని ఆపడానికి సుమారు 1.6 నానోమీటర్ల నూనె పొర చాలని లెక్కగట్టాడు.