ఎఫ్1 సీజన్ ఫస్ట్ రేస్‌కి మెల్‌బోర్న్ వెళ్ళాలంటే ఏది ముందు ఏది తర్వాత

ఎఫ్1, అంటే ఫార్ములా వన్ కార్ రేసుల సీజన్‌లో ఫస్ట్ రేస్ అంటే ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్నే అని చాలామంది ఫిక్స్ అయిపోతారు కానీ ప్రతి ఏడాదీ అలా ఉండదు, 2021 నుంచి 2024 దాకా సీజన్ బహ్రెయిన్‌లోనే మొదలైంది. మళ్ళీ 2025లో, 2026లో మెల్‌బోర్న్‌లోని ఆల్బర్ట్ పార్క్‌కి వచ్చింది, దానికి పెద్ద కారణం రంజాన్, ఆ నెల మార్చిలో పడితే బహ్రెయిన్ లాంటి గల్ఫ్ రేసులు ఆ తర్వాతకి జరుగుతాయి. అందుకే ఫస్ట్ రేసే చూడాలి అనుకునేవాళ్ళు ముందు క్యాలెండర్ చూసి, ఆ తర్వాతే ఆఫీసులో లీవ్ గురించి నోరు విప్పండి.

ఫస్ట్ రేసే ఎందుకు, సింగపూర్ రేసు దగ్గర కదా, ఖర్చు తక్కువ కదా అని ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు. నిజమే, దగ్గరే. కానీ సీజన్ ముందు జరిగే టెస్టింగ్‌లో ఎవరు తమ కారు స్పీడ్ ఎంత దాచుకున్నారో బయటపడేది మొదటి వీకెండ్‌లోనే. 2009లో బ్రాన్ అనే టీమ్ సీజన్ ముందు మూతపడేదాకా వెళ్ళి, మెల్‌బోర్న్‌లో మొదటి రేసే బటన్ అనే డ్రైవర్‌తో గెలిచేసింది, ఆ ఏడాది టైటిల్ కూడా కొట్టింది. మన నరైన్ కార్తికేయన్ ఎఫ్1లో మొదటిసారి దిగింది కూడా ఇక్కడే, 2005లో, జోర్డాన్ కారులో. 2025లో అయితే వానలో కొత్త డ్రైవర్ హాడ్జర్ పాపం రేసు స్టార్ట్‌కి ముందు తిరిగే ఫార్మేషన్ ల్యాప్‌లోనే గోడకి కొట్టేశాడు, ఆంటోనెల్లి తన ఫస్ట్ రేసులోనే పదహారో ప్లేస్ నుంచి నాలుగో ప్లేస్‌కి వచ్చాడు, లోకల్ కుర్రాడు పియాస్ట్రి రెండో ప్లేస్‌లో ఉండి గడ్డిలోకి జారిపోయాడు, నోరిస్ గెలిచాడు. కొత్త కార్లు, కొత్త డ్రైవర్లు, ఎవరికీ ఏమీ తెలీదు, ఆ మజా సెప్టెంబర్‌లో ఉండదు.

ఇక పనులు. టికెట్లు రేసుకి నెలల ముందే అమ్మకానికి వస్తాయి, అఫీషియల్ సైట్‌లో మెయిల్ ఐడీ ఇచ్చి పెట్టుకోండి, వాట్సాప్ గ్రూపుల్లో "అన్నా ఒక టికెట్ ఉంది" అనేవాళ్ళ జోలికి మాత్రం పోకండి. గ్రాండ్‌స్టాండ్‌లకి డ్రైవర్ల పేర్లు ఉంటాయి, ఫాంజియో పిట్స్ ఎదురుగా ఉంటుంది, స్టార్టూ టైర్లు మార్చడం కనబడతాయి, రేటూ అలాగే ఉంటుంది. ఫస్ట్ కార్నర్ గొడవ చూడాలంటే జోన్స్, బ్రాబమ్ వైపు. నన్నడిగితే మొదటిసారి వెళ్ళేవాళ్ళు నాలుగు రోజులూ సీటు కొనక్కర్లేదు, మిగతా రోజులకి పార్క్ పాస్, ఆదివారానికి ఒక్క సీటు దొరికితే చాలు. పార్క్ పాస్ అంటే సీటు ఉండదు, కంచె పక్కన, గట్ల మీద ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ. ట్రాక్ 5.278 కిలోమీటర్లు, చెరువు చుట్టూ తిరుగుతుంది, మన హుస్సేన్ సాగర్ పక్కన 2023లో ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు పెట్టినట్టే మామూలు రోజుల్లో జనం కార్లు నడిపే రోడ్లు కూడా ఇందులో ఉన్నాయి. 2022లో ట్రాక్ మార్చినప్పుడు చెరువు వెనక వైపు ఉన్న రెండు వంపులు తీసేశారు, ఇప్పుడు అక్కడ కార్లు ఆగకుండా వస్తాయి, శుక్రవారం ప్రాక్టీస్ అక్కడ నిలబడి చూడండి, టీవీలో ఆ స్పీడ్ అసలు తెలీదు. గురువారం ఎఫ్1 కార్లు ట్రాక్ మీదకి రావు, సూపర్‌కార్స్ లాంటి వేరే రేసుల కార్లు తిరుగుతాయి, అయినా వెళ్ళండి, జనం తక్కువ, ఎక్కడ ఏముందో తెలుస్తుంది. ఆటోగ్రాఫ్ కావాలంటే మెల్‌బోర్న్ వాక్ అని డ్రైవర్లు లోపలికి నడిచి వెళ్ళే దారి ఉంటుంది, పొద్దున్నే వెళ్ళి రెయిలింగ్ పట్టుకోవాలి, పది గంటలకి వెళ్తే వీపులే కనబడతాయి.

వీసా. ఇండియన్ పాస్‌పోర్ట్‌కి ఈటీఏ అనే ఎలక్ట్రానిక్ పర్మిట్ పని చేయదు, విజిటర్ వీసా సబ్‌క్లాస్ 600 కావాలి, ఇమ్మీఅకౌంట్ అనే ఆస్ట్రేలియా ప్రభుత్వ వీసా సైట్‌లో ఆన్‌లైన్‌లోనే అప్లై చేయాలి, స్టిక్కర్ ఏమీ వేయరు, పాస్‌పోర్ట్ నంబర్‌కి లింక్ అయి ఉంటుంది. వీసా ఆఫీసర్లకి తెలియాల్సింది ఒక్కటే, నువ్వు తిరిగొస్తావా లేదా. బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్న్స్, కంపెనీ ఇచ్చే లీవ్ లెటర్, రేస్ టికెట్ అన్నీ పెట్టండి, చుట్టాల ఇంట్లో ఉంటే వాళ్ళ ఇన్విటేషన్ లెటర్ కూడా. అప్లై చేసే ముందు వారం ఎవరి దగ్గరో తెచ్చి అకౌంట్లో ఐదు లక్షలు వేసే తెలివితేటలు వద్దు, అది అందరికంటే ముందు వాళ్ళకే కనబడుతుంది. రెండు మూడు నెలల ముందే అప్లై చేయండి, వీసా చేతికి వచ్చేదాకా రీఫండ్ లేని ఫ్లైట్ కొనకండి.

హైదరాబాద్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్ లేదు, సింగపూర్ మీదుగానో కౌలాలంపూర్ మీదుగానో వెళ్ళాలి, ఢిల్లీ నుంచి అయితే ఎయిర్ ఇండియా డైరెక్ట్ ఉంది. తక్కువ వచ్చిందని రెండు ముక్కలుగా వేరు వేరు టికెట్లు కొంటే మధ్యలో లగేజీ మనమే తీసుకుని మళ్ళీ చెకిన్ చేయాల్సి రావొచ్చు, అంటే సింగపూర్‌లో ఇమిగ్రేషన్ దాటాలి, దానికి మళ్ళీ వీసా కావాల్సి రావొచ్చు, ఇది చూసుకోండి.

ఆవకాయ సంగతి. అక్కడ ఉన్న అక్కావాళ్ళ కోసం అమ్మ ఎలాగూ కడుతుంది, ఆపలేం. ఫ్లైట్‌లో ఇచ్చే కార్డు మీద తినేవి ఉన్నాయి అని టిక్ పెట్టేయండి, పచ్చళ్ళు, పొడులు, స్వీట్లు అన్నీ. చెప్తే మహా అయితే తీసి పడేస్తారు, చెప్పకుండా దొరికితే ఫైన్, వీసా కూడా క్యాన్సిల్ కావొచ్చు. పచ్చి కరివేపాకు, విత్తనాలు, పళ్ళు మాత్రం అసలు పెట్టుకోకండి.

ఉండటానికి సిటీలో హోటల్ ఆ వారం చుక్కలు చూపిస్తుంది, పైగా మార్చి రెండో సోమవారం అక్కడ లేబర్ డే సెలవు, 2026లో లాగా రేసు దాంతో కలిస్తే ఇంకా ఎక్కువ. మనవాళ్ళు ఎక్కువగా ఉండేది పడమటి వైపు, టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్, అక్కడ ఎవరో ఒక కజిన్ ఉండే ఉంటాడు, మొహమాటపడకుండా అడగండి. టార్నీట్ నుంచి వీలైన్ రైలెక్కి ఫుట్‌స్క్రేలో మారి మెట్రో టన్నెల్ రైలు పట్టుకుంటే ఆన్‌జాక్ స్టేషన్ దగ్గర తేలుతారు, అక్కడి నుంచి పార్క్‌కి నడవొచ్చు. సిటీ నుంచి రేస్ టికెట్ ఉన్నవాళ్ళకి ఆ రోజుల్లో ఫ్రీ ట్రామ్‌లు తిప్పుతారు. ఏ గేటుకి ఏ ట్రామో పొద్దున్నే చూసుకోండి, చెరువు అటు వైపు దిగితే చాలా దూరం నడవాలి. ఎయిర్‌పోర్ట్‌కి రైలు లేదు, సిటీలోని సదరన్ క్రాస్ స్టేషన్ దాకా స్కైబస్ అనే బస్సు. మామూలు రైళ్ళకీ ట్రామ్‌లకీ మైకీ అనే ప్రయాణ కార్డు వాడతారు, సెవెన్ ఇలెవెన్ షాపుల్లో దొరుకుతుంది.

బ్యాగులో రెయిన్‌కోట్ ఉండాల్సిందే, గొడుగు తెరిస్తే వెనకాలవాళ్ళు తిడతారు. ఎండ వేడిగా అనిపించదు కానీ చర్మం కాల్చేస్తుంది, మనం నల్లగానే ఉన్నాం కదా అని సన్‌స్క్రీన్ మానేయకండి. వాన పడితే గడ్డంతా బురద, తెల్ల షూస్ వద్దు. పులిహోర డబ్బా, ఖాళీ వాటర్ బాటిల్ పట్టుకెళ్ళండి, లోపల బర్గర్ రేటు రూపాయల్లోకి మార్చుకుంటే దిగదు. గాజు సీసాలు, మందు తీసుకెళ్ళనివ్వరు.

ఆదివారం 58 ల్యాప్‌లు, 2025లో స్టార్ట్ అక్కడ మధ్యాహ్నం మూడింటికి, అంటే ఇంట్లోవాళ్ళు పొద్దున తొమ్మిదిన్నరకి ఇడ్లీ తింటూ చూస్తుంటారు. రేస్ అయ్యాక గేట్లు తీస్తే ట్రాక్ మీదకి వెళ్ళొచ్చు, కానీ వాళ్ళు తీసేదాకా ఆగండి, 2023లో జనం ముందే దూకేసి పెద్ద గొడవయ్యింది. ట్రామ్‌ల దగ్గర గంటల లైను ఉంటుంది కాబట్టి ఆ రాత్రి ఫ్లైట్ పెట్టుకోకండి, సోమవారం రాత్రి చాలు. తర్వాతి వారం చైనాలో షాంఘై రేసు కూడా చూసి వద్దాం అని ఎవరైనా అంటే, దానికి మళ్ళీ వేరే వీసా, అది ఇండియాలో ఉండగానే తీసుకోవాలి.