ఎండల్లో ఇంటి కూరగాయలు: సమస్యలు - పరిష్కారాలు

మొక్క వాడితే నీళ్లు పోస్తాం, ఆకు పసుపెక్కితే ఎరువు వేస్తాం. కుండీల్లో ఎక్కువ మొక్కలు పోయేది ఈ తొందర వల్లే. ఆకు మీద కనిపించే బాధకు కారణం చాలాసార్లు వేరు దగ్గర ఉంటుంది. అందుకే ముందు రెండు కణుపుల లోతు వేలు దించి మట్టి తడి చూడండి.

మధ్యాహ్నం ఆకులు వేలాడుతున్నాయి

సాయంత్రానికి వాటంతట అవే లేస్తే అది జబ్బు కాదు. వేరు పీల్చే నీటికన్నా ఆకు వదిలే నీరు ఎక్కువైంది, అంతే. కంగారు పడి నీళ్లు పోయకండి.

తెల్లవారినా వాడే ఉంటే అప్పుడు ఆలోచించాలి. మట్టి పొడిగా ఉంటే అడుగు రంధ్రం నుంచి కారేదాకా నెమ్మదిగా తడపండి. బాగా ఎండిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) నీటిని పీల్చుకోదు, పక్కల నుంచి జారవిడిచేస్తుంది. అలాంటప్పుడు కుండీని అరగంట నీళ్ల టబ్బులో ఉంచండి.

మట్టి తడిగా ఉన్నా మొక్క వాడుతోందంటే వేరు కుళ్లు అయి ఉండొచ్చు. మట్టిగడ్డతో సహా తీసి చూస్తే వేర్లు గోధుమరంగులో మెత్తగా ఉంటాయి. కుళ్లినంతా కత్తిరించి, నీరు నిలవని కొత్త మట్టిలో నాటి నీడలో పెట్టండి. సగానికి పైగా కుళ్లితే ఆ మొక్క కోసం పాకులాడొద్దు. టమాటా, పుదీనా, తులసి అయితే బాగున్న కొమ్మ తుంచి కొత్తగా వేరు పట్టించడమే నయం.

నల్ల ప్లాస్టిక్ కుండీలు ఎండకు కాగి వేర్లను ఉడికించేస్తాయి. వాటికి గోనెసంచి చుట్టి, పైన ఎండుటాకులు పరవండి.

టమాటా పూత రాలిపోతోంది

పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటితే పుప్పొడి సరిగా పనిచేయదు. ఎరువు వేస్తే ఆకులే పెరుగుతాయి. మధ్యాహ్నం షేడ్‌నెట్ నీడ ఇచ్చి, పొద్దున్నే పూలగుత్తిని వేలితో మెల్లగా తట్టండి. చెర్రీ టమాటా ఎండకు కాస్త బాగా ఓర్చుకుంటుంది.

కాయ అడుగు నల్లగా కుళ్లుతోంది

ఇది పురుగు పని కాదు. ఒకరోజు ఎండగట్టి, మరునాడు ముంచెత్తితే కాల్షియం కాయదాకా చేరదు. నీళ్లు క్రమంగా పోస్తే తర్వాతి కాయలు బాగుపడతాయి. పాడైన కాయ కోసేయండి.

మిరప ఆకులు ముడుచుకుంటున్నాయి

ఏ వైపు ముడుచుకున్నాయో చూడండి. పైకి దోనెలా ముడిస్తే తామర పురుగులు (త్రిప్స్), కిందికి ముడిస్తే నల్లి (మైట్స్). రెండూ ఆకు అడుగునే ఉంటాయి కాబట్టి మందు కూడా అడుగున పడాలి. తామర పురుగులకు లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా ద్రవ సబ్బు కలిపి సాయంత్రం పూట వారానికోసారి కొట్టండి. నల్లికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం వాడొద్దు, ఆకులు మాడతాయి. ఎండ తీవ్రంగా ఉన్న రోజుల్లో అసలు వాడొద్దు.

కొత్తిమీర త్వరగా పూతకొస్తోంది

వేడికి దాని తీరే అంత. పూత తుంచినా మళ్లీ ఆకు పెద్దగా రాదు. మధ్యాహ్నం నీడ ఉండే చోట, రెండు వారాలకోసారి కొంచెం కొంచెంగా విత్తుకోవాలి. ధనియాలను రెండుగా చీలేలా నలిపి విత్తండి. పూతకొచ్చిన మొక్కలు రెండు మూడు పీకకుండా ఉంచండి. ఆ పూల కోసం వచ్చే అక్షింతల పురుగులు పక్క కుండీల్లోని పేనుబంకను తినేస్తాయి.