సోయాలో కలుపు మందు కొట్టాక తేడా కనిపిస్తే: ఆకు చూసి కారణం పట్టుకోవడం ఎలా

ఇది అమెరికాలో ఐయోవా, ఇల్లినాయ్ వైపు జీఎం (జన్యువు మార్చిన) సోయా వేసే చేల గురించి. కలుపు మందుని తట్టుకునే సోయా అంటే ఏ మందు కొట్టినా తట్టుకుంటుందని కాదండి, ఏ మందు కోసం జీన్ పెట్టారో దాన్ని మాత్రమే తట్టుకుంటుంది. అందుకే ఏ తేడా కనిపించినా మొదట విత్తనం బ్యాగ్ ట్యాగ్ తీసి చూడండి.

గ్లైఫోసేట్ కొట్టిన కొన్ని రోజులకి లేత ఆకులు పసుపు తిరిగాయి

కంగారు పడొద్దు. గ్లైఫోసేట్ (రౌండప్ పేరుతో అమ్మే కలుపు మందు) మామూలు మొక్కలో ఈపీఎస్‌పీఎస్ అనే ఎంజైమ్‌ని ఆపేస్తుంది, అది ఆగితే ఫెనైల్అలనిన్, టైరోసిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలు తయారవ్వవు, మొక్క చచ్చిపోతుంది. 1996లో వచ్చిన రౌండప్ రెడీ సోయాలో సీపీ4 అనే ఆగ్రోబాక్టీరియం నుంచి తీసిన అదే రకం ఎంజైమ్ పెట్టారు, దీన్ని గ్లైఫోసేట్ పట్టుకోలేదు, కాబట్టి సొంత ఎంజైమ్ ఆగినా ఇది పని నడిపిస్తుంది (ఆ బాక్టీరియా దొరికింది గ్లైఫోసేట్ తయారుచేసే ఫ్యాక్టరీ వ్యర్థాల్లోనే, నాకు ఈ కథలో బాగా నచ్చేది ఇదే). అంటే ఇక్కడ మొక్క మందుని నాశనం చెయ్యట్లేదు, మందు లోపలే ఉండి చిగుళ్ళకి చేరుతుంది, అందులో కొంత ఆంపా అనే పదార్థంగా మారుతుంది, పసుపుకి ముఖ్య కారణం అదే అంటారు. ఎండలో వేగంగా పెరుగుతున్న చేలో, స్ప్రే ఓవర్‌ల్యాప్ అయిన చోట ఎక్కువ కనిపిస్తుంది. కొత్త ఆకులు పచ్చగా వస్తాయి, ఏమీ కొట్టక్కర్లేదు. పసుపు తగ్గకుండా ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే మాంగనీస్ లోపమేమో టెస్ట్ చేయించండి.

ఒక సాలు మొత్తమో, అక్కడక్కడా మొక్కలో చచ్చిపోయాయి

పక్కనే మిగతావి బాగుంటే ఆ మొక్కల్లో జీన్ లేదని అర్థం, విత్తనం కలిసిపోయి ఉంటుంది. ప్లాంటర్‌లో ముందు వేసిన మామూలు సోయా మిగిలిపోయిందేమో చూస్కోండి. వాటిని బతికించే మందు లేదు.

ఆకులు గిన్నెలా పైకి ముడుచుకున్నాయి

ఎక్కువ గొడవలు జరిగేది దీని మీదే. ఇలా ముడిస్తే ముందు డికాంబా అనే ఇంకో కలుపు మందుని అనుమానించాలి. ఎక్స్‌టెండ్ అనే జీఎం సోయాలో డికాంబాని ముక్కలు చేసే బాక్టీరియా ఎంజైమ్ ఉంది, అంటే అక్కడ మందే విరిగిపోతుంది. మీది ఒట్టి రౌండప్ రెడీ అయితే ఆ ఎంజైమ్ లేదు. ఎన్‌లిస్ట్ అనే జీఎం సోయా అయినా అంతే, దానిలో 2,4-డి అనే కలుపు మందుని విరిచే జీన్ ఉంటుంది గానీ డికాంబాకి పనికిరాదు, అలాగే ఎక్స్‌టెండ్‌కి 2,4-డి పడదు. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకదాని మందు ఇంకోదానికి కొట్టేస్తే చేను పోతుంది.

ఇక ఎక్కడినుంచి వచ్చిందో ఆకుల తీరే చెప్తుంది. చేను అంచున ఎక్కువ ఉండి లోపలికి తగ్గుతూ పోతే పక్క పొలం నుంచి గాలికి వచ్చింది, చేనంతా ఒకేలా ఉంటే ఆవిరిగా వచ్చి ఉండొచ్చు, మీరు స్ప్రే మొదలుపెట్టిన చోట ఎక్కువుండి పోనుపోను తగ్గితే మీ ట్యాంకులోనే పాత మందు మిగిలింది. ట్యాంకు, గొట్టాలు, నాజిళ్ళు, ఫిల్టర్లు విప్పి మూడుసార్లు కడగండి, డికాంబా చాలా కొంచెం ఉన్నా సోయా చూపించేస్తుంది. పూత రాకముందు తగిలితే తేరుకునే ఛాన్స్ ఉంది, పూతలో తగిలితే దిగుబడి తగ్గుతుంది. వెంటనే ఫోటోలు తీసి తేదీ, గాలి దిశ రాసిపెట్టుకోండి. డికాంబాని సోయా మీద కొట్టే అనుమతుల్ని 2020లో, మళ్ళీ 2024లో కోర్టులు కొట్టేశాయి, కాబట్టి ఈ సీజన్ లేబుల్ చూడకుండా ముట్టుకోవద్దు.

సోయా బానే ఉంది, కలుపు చావట్లేదు

అన్ని రకాల కలుపూ మిగిలితే తప్పు స్ప్రేలో ఉంది. నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే గ్లైఫోసేట్‌ని పట్టేసుకుంటాయి, అందుకే ముందు అమ్మోనియం సల్ఫేట్ కలిపి ఆ తర్వాతే మందు పొయ్యాలి. బురద నీళ్ళు, దుమ్ము పట్టిన ఆకులు కూడా మందుని పాడుచేస్తాయి. కలుపు 4 అంగుళాలు దాటకముందే కొట్టాలి.

ఒకే జాతిలో ఒక మొక్క చచ్చి పక్కది నిలబడితే మాత్రం అది నిరోధకత, డోసు పెంచి లాభం లేదు. మన తోటకూర జాతిదే పామర్ అమరాంత్ అనే కలుపు, గ్లైఫోసేట్‌కి చావని పామర్ 2000ల మధ్యలో అమెరికాలోని జార్జియాలో మొదట బయటపడింది, దానిలో ఈపీఎస్‌పీఎస్ జీన్ కాపీలు పదులు దాటి వంద పైన కూడా ఉన్నాయి, అంత ఎంజైమ్‌ని గ్లైఫోసేట్ ఎక్కడ ఆపగలదు? విత్తనం రాల్చకముందే పీకి చేను బయట పడెయ్యండి, ఒక్క మొక్క లక్షల్లో రాలుస్తుంది. వచ్చే ఏడు విత్తగానే మెట్రిబుజిన్, ఎస్-మెటాలాక్లోర్ లాంటి మొలకముందు మందులతో మొదలెట్టి సాళ్ళు దగ్గరగా వెయ్యండి.

ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు సోయా వేసేవాళ్ళు ఇది చదువుతుంటే ఒక మాట. ఇండియాలో జీఎం సోయా సాగుకి అనుమతి లేదు, మీ జేఎస్ 335 సోయా రకంలో ఈ జీన్ ఏదీ లేదు, నిలబడిన పైరు మీద గ్లైఫోసేట్ పడితే పైరే చస్తుంది. ఇమాజెథాపైర్ అనే కలుపు మందు వేరు, దాన్ని సోయా తనంతట తానే విరిచేసుకుంటుంది, విత్తిన 15-20 రోజులకి కలుపు రెండు మూడు ఆకులప్పుడు లేబుల్ మోతాదులో కొట్టుకోవచ్చు.