దేశాధినేత చరిత్ర పాఠం మొదలుపెడితే ఎలా వినాలి

పక్క దేశం మీదికి సైన్యాన్ని పంపే ముందు చాలా ప్రభుత్వాలు చరిత్ర పాఠం చెబుతాయి, వినడానికి బాగానే ఉంటుంది కూడా. అలాంటి ప్రసంగం వింటూ అందులో వచ్చిన సంవత్సరాలు ఓ కాగితం మీద రాసుకోండి.

ముందు కథ ఎక్కడ మొదలైందో చూడండి. 2014 మార్చిలో ఉక్రెయిన్‌లోని క్రిమియాని రష్యాలో కలిపేసుకుంటూ పుతిన్ ఎత్తుకున్నది, కీవ్‌ని ఏలిన వ్లాదిమిర్ రాజు అక్కడ బాప్తిస్మం తీసుకున్న సంగతి, అంటే 988 నాటిది. ఆ లెక్కే ప్రమాణమైతే అప్పటికి మాస్కో పేరే ఎక్కడా లేదు, అది రాతల్లో కనిపించేది 1147లో! ఎవరికి కలిసొచ్చే ఏడాది నుంచి వాళ్లు మొదలుపెడతారు.

తర్వాత, ఆ కథకి అడ్డొచ్చే ఏళ్లు మీరే వెతకండి. రష్యన్లు, ఉక్రేనియన్లు ఒకే ప్రజ అంటూ 2021 జులైలో పుతిన్ పెద్ద వ్యాసం రాశాడు. 1932-33లో ఉక్రెయిన్‌లో లక్షల మందిని చంపిన కరవుని అందులో 'ఉమ్మడి విషాదం' అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఇక 1991 డిసెంబర్‌లో ఉక్రెయిన్‌లో జరిగిన రెఫరెండంలో 90 శాతం పైగా స్వాతంత్ర్యానికే ఓటేశారు, క్రిమియాలో కూడా సగానికి పైనే.

అన్నిటికంటే ముఖ్యం సంతకాలు. ఉక్రెయిన్ అణ్వాయుధాలు వదులుకుంటే దాని సరిహద్దుల్ని గౌరవిస్తామని 1994లో బుడాపెస్ట్‌లో రష్యానే సంతకం పెట్టింది. ఇరాక్ అధినేత సద్దాం కూడా అంతే, కువైట్ ఒకప్పుడు తమ బస్రా ప్రాంతంలో భాగమంటూ 1990లో ఆక్రమించి 19వ రాష్ట్రం అనేశాడు, కానీ 1963లోనే ఇరాక్ దాన్ని స్వతంత్ర దేశంగా గుర్తించింది.

ఉక్రెయిన్ పాలకుల మీద పుతిన్ వాడిన 'నాజీలు' లాంటి మాట వస్తే ఇంకాస్త జాగ్రత్త. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ యూనియన్ సుమారు 2 కోట్ల 70 లక్షల మందిని పోగొట్టుకుంది, ఆ బాధ నిజం కాబట్టే ఆ మాట పనిచేస్తుంది, చచ్చిపోయినవాళ్లలో లక్షలాది ఉక్రేనియన్లూ ఉన్నారన్నది మాత్రం ఎగిరిపోతుంది. ఉక్రెయిన్ చరిత్ర కడిగిన ముత్యమేం కాదు, 1943లో ఇప్పటి పశ్చిమ ఉక్రెయిన్‌లోని వోలిన్‌లో పోలిష్ జనాన్ని ఊచకోత కోసింది ఉక్రేనియన్ జాతీయవాదులే. అయినా అది ట్యాంకులు పంపడానికి లైసెన్స్ కాదు కదా.

చివరిగా, ఆ దేశంలో చరిత్రకారుల పరిస్థితి చూడండి. స్టాలిన్ కాలపు హత్యల రికార్డులు సేకరించిన 'మెమోరియల్' సంస్థని మూసెయ్యమని రష్యా సుప్రీంకోర్టు 2021 డిసెంబర్ 28న తీర్పిచ్చింది. రెండు నెలలు తిరక్కముందే ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైంది.