బండి వణుకుతోందా, అరుస్తోందా? బెంగళూరు రోడ్ల మీద గేర్ల తంటాలు

మా తమ్ముడు కదిరి నుంచి ఉద్యోగానికని బెంగళూరు వచ్చి రెండు నెలలైంది. బండి కూడా ఊరి నుంచే తెచ్చుకున్నాడు, 150 సీసీది. మొన్న ఆదివారం నన్ను వెనక కూర్చోబెట్టుకుని హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే సగంలో బండి నీరసపడింది. "ఏమో న్నా, బండి లాగడం లే. ఇంజిన్ పోయిందేమో" అన్నాడు. వాడి భుజం మీదుగా చూశాను. స్పీడు 28, గేరు నాలుగు. అద్దాలు ఎంతగా వణుకుతున్నాయంటే, వెనక వచ్చే కారు అందులో రెండు కార్లలా కనిపిస్తోంది. కింద చైన్ టపటపా కొట్టుకుంటోంది. "రెండో గేరుకి దించు" అన్నాను. దించాడు. అంతే, ఇద్దరం పైకి వెళ్లిపోయాం. ఇంజిన్‌కి ఏ జబ్బూ లేదు.

"తొందరగా టాప్ గేర్ వేసెయ్, మైలేజ్ వస్తుంది" అని ఊళ్లో చెప్తారు. ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద ఒక్కడే వెళ్లేటప్పుడు ఆ మాట నిజమే. బెంగళూరులో అలాంటి రోడ్డు దొరికేది ఎప్పుడో తెల్లవారుజామున. మిగతా సమయంలో ఈ కింది సమస్యల్లో ఏదో ఒకటి ఎదురవుతుంది.

బండి వణుకుతుంది, రేస్ ఇచ్చినా కదలదు

అన్నిటికంటే ఎక్కువగా వచ్చేదీ, ఇంజిన్‌ని ఎక్కువగా పాడుచేసేదీ ఇదే. మన బళ్లలో చాలావాటికి ఒకటే సిలిండర్. ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి పెట్రోల్ మండి తోపు వస్తుంది. 2,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర అంటే సెకనుకి పదహారు, పదిహేడు తోపులు. బరువు ఎక్కువై తిరుగుడు తగ్గితే ఆ తోపులు ఒక్కొక్కటీ విడివిడిగా మనకి తెలుస్తాయి. అదే ఆ వణుకు. అప్పుడు ఇంకా రేస్ ఇస్తే ప్రతి తోపూ నెమ్మదిగా కదులుతున్న పిస్టన్ మీద సమ్మెటలా పడుతుంది. ఒక్కోసారి పెట్రోల్ అదును తప్పి మండుతుంది. స్టీలు గిన్నెలో గోళీలు వేసి ఊపినట్టు గలగలమంటుంది. ఆయిల్ పంపుని తిప్పేదీ ఇంజినే కాబట్టి, బేరింగుల మీద ఒత్తిడి పెరిగిన ఆ సమయంలోనే ఆయిల్ తక్కువ అందుతుంది. మైలేజ్ కూడా రాదు, ఎందుకంటే రేస్ పూర్తిగా తిప్పినప్పుడు ఇంజిన్ పెట్రోల్ పాలు ఎక్కువున్న చిక్కటి మిశ్రమం తీసుకుంటుంది.

పరిష్కారం: రేస్ తగ్గించి, క్లచ్ పట్టుకుని, ఒక గేరు దించండి. చాలకపోతే ఇంకొకటి. ఎత్తు మొదలవకముందే దించితే ఇంకా మంచిది. మీటరు చూడక్కర్లేని పరీక్ష ఒకటుంది. ఏ గేరులో ఉన్నా రేస్ కొంచెం తిప్పి చూడండి. బండి వెంటనే ముందుకి కదిలితే గేరు సరైనదే. మూలిగి ఆలోచిస్తే ఒకటి దించాలి.

ఏ ఆర్‌పీఎం దగ్గర మార్చాలి అని అందరూ ఒక అంకె అడుగుతారు. ఇది బండిని బట్టి మారుతుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి ఎక్కువ టార్క్, అంటే తిప్పే బలం, 4,000 దగ్గరే వస్తుంది. పల్సర్ 150కి 6,500 దగ్గర. యమహా ఆర్15 పూర్తి శక్తి 10,000 దగ్గర గానీ రాదు. బుల్లెట్ నడిపే స్నేహితుడు 3,000కే గేరు మారుస్తున్నాడని ఆర్15 మీద అదే చేస్తే బండి చచ్చినట్టే ఉంటుంది. నా పద్ధతి చెప్తాను. సిటీలో రెడ్‌లైన్‌కి (మీటరులో ఎర్ర గీత, ఇంజిన్ తిరగగల హద్దు) సగం దగ్గర మారుస్తాను. హైదరాబాద్ హైవే మీద లారీని దాటాలంటే ఒక గేరు దించి, ముప్పావు దాకా తిప్పుతాను. ఇంజిన్ వేడెక్కాక అలా తిప్పితే ఏమీ కాదు, అది అందుకే చేసిన ఇంజిన్. డిసెంబరు పొద్దున స్టార్ట్ చేసిన వెంటనే తిప్పడం మాత్రం తప్పు. ఆయిల్ చిక్కగా ఉంటుంది. మొదటి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా పోనివ్వండి.

ఇంజిన్ అరుస్తుంది, స్పీడు పెరగదు

చిన్న గేరులోనే ఉండిపోతే పై గేరు వేస్తే సరిపోతుంది. అలా కాకుండా, మూడో గేరులో 40 మీద వెళ్తూ ఒక్కసారి రేస్ తిప్పినప్పుడు ఆర్‌పీఎం ముల్లు పైకి లేచి స్పీడు మాత్రం అక్కడే ఉంటే క్లచ్ జారుతోందని అర్థం. సిల్క్ బోర్డ్ దగ్గర అరగంట హాఫ్ క్లచ్ మీద పాకే మనలాంటి వాళ్లకి ఇది తప్పదు. మాడిన వాసన వస్తే ప్లేట్లు అరుగుతున్నట్టే. ముందుగా లీవర్ చూడండి. చివర సుమారు 10 నుంచి 15 మిల్లీమీటర్ల ఆట (క్లచ్ పట్టకముందు లీవర్ వదులుగా కదిలే దూరం) ఉండాలి, సరైన కొలత మీ మాన్యువల్లో ఉంటుంది. ఆట అసలు లేకపోతే క్లచ్ ఎప్పుడూ కొంచెం పట్టి ఉన్నట్టే లెక్క. తర్వాత ఆయిల్. కార్లకి పోసే ఆయిల్ పోస్తే క్లచ్ జారొచ్చు; డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (బైక్ క్లచ్‌కి సరిపడే ఆయిల్ అని చెప్పే గుర్తు) అని ఉందో లేదో చూసి కొనండి. ఈ రెండూ బాగున్నా జారుతుంటే ప్లేట్లు మార్చాల్సిందే.

జామ్‌లో హాఫ్ క్లచ్ మీద పాకడం తగ్గించాలంటే, ముందు బండికీ మీకూ మధ్య రెండు మూడు మీటర్లు ఖాళీ రానిచ్చి, అప్పుడు క్లచ్ పూర్తిగా వదిలి మొదటి గేరులో వెళ్లండి. ఆ ఖాళీలో ఆటో దూరుతుంది, దూరనివ్వండి.

సిగ్నల్ దగ్గర న్యూట్రల్ దొరకదు, మొదటి గేరు పడదు

బండి పూర్తిగా ఆగకముందే, చక్రం తిరుగుతుండగానే న్యూట్రల్ చేయండి. ఆగి ఉన్నప్పుడు గేరు పడకపోతే లోపల గేర్ల పళ్లు ఎదురెదురుగా వచ్చి అడ్డుపడ్డాయన్నమాట. క్లచ్ ఒక్క క్షణం కొంచెం వదిలి, మళ్లీ పట్టి వేస్తే పడుతుంది. కాలితో బలంగా తన్నొద్దు, లోపల గేర్లని జరిపే ఫోర్కు వంగొచ్చు. రోజూ ఇదే గొడవైతే లీవర్ ఆట మరీ ఎక్కువైందేమో చూడండి.

గేరు దించగానే కుదుపు, వెనక టైరు జారడం

60లో వెళ్తూ ఒక్కసారిగా రెండుకో ఒకటికో దించితే చక్రమే ఇంజిన్‌ని బలవంతంగా తిప్పుతుంది. వానకి తడిసిన రోడ్డయితే వెనక టైరు పక్కకి లాగేస్తుంది. ఇంజిన్ హద్దు దాటి తిరగకుండా ఆపే రెవ్ లిమిటర్ ఉందిగా అనుకోవద్దు. ఇంజిన్ తనంతట తాను తిరగడాన్నే అది ఆపగలదు, చక్రం తిప్పుతుంటే ఆపలేదు. ముందు బ్రేకుతో స్పీడు తగ్గించి, ఒక్కో గేరే దించండి. క్లచ్ పట్టి ఉన్నప్పుడు రేస్ చిన్నగా ఒకసారి ఇచ్చి వదిలితే కుదుపు ఉండదు. వారం ప్రాక్టీస్ చేస్తే చేతికి అలవాటవుతుంది.

నంది హిల్స్ నుంచి దిగేటప్పుడు న్యూట్రల్లో జారేవాళ్లని చూస్తే నాకు నిజంగా టెన్షన్. భారమంతా బ్రేకుల మీద పడుతుంది, అవి వేడెక్కి పట్టు తగ్గుతుంది. రెండో గేరులో రేస్ వదిలేసి దిగండి, ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. పెట్రోల్ పోతుందన్న భయం వద్దు. చాలా ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్లలో అలా దిగేటప్పుడు పెట్రోల్ సరఫరా ఆగిపోతుంది.

ఇవన్నీ చేశాక కూడా సరైన గేరులో బండి వణుకుతుంటే చైన్ వదులైందేమో, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూడండి. మెకానిక్ దగ్గరికి వెళ్తే "లాగడం లేదు" అని ఊరుకోకుండా, ఏ గేరులో, ఎంత స్పీడులో, ఎత్తు మీదా చదును మీదా, వెనక మనిషి ఉన్నారా లేరా అన్నది చెప్పండి.