బ్రేకుల వాసనకు గుండె దడ పుడితే

తిరుమల కొండపైన ఒక దుకాణంలో లెక్కలు చూస్తాను. పొద్దున ఎక్కాలి, రాత్రి దిగాలి. నాలుగేళ్ల కిందట ఒక వాన సాయంత్రం మేం దిగుతున్న జీపు మలుపులో జారి పిట్టగోడను రాసుకుంటూ ఆగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. కానీ కాలిన బ్రేకుల వాసన నా ముక్కులో ఉండిపోయింది. తర్వాత అలిపిరిలో ఆగి ఉన్న లారీ దగ్గర ఆ వాసన తగిలినా అరచేతులు చెమట పట్టేవి.

మెదడులో బాదం గింజను పోలిన అమిగ్డలా అనే భాగం ఆ వాసనకూ ఆ ప్రమాదానికీ ముడి వేసింది. అలాంటి ముడికి ఒక్కసారి చాలు. విప్పడానికే ఓపిక కావాలి.

నేను చేసిన తప్పు ముందు చెబుతాను. బండెక్కడం మానేసి అలిపిరి మెట్లదారిలో దిగడం మొదలుపెట్టాను. 3,550 మెట్లు, మోకాళ్లు అరిగిపోయాయి. రోడ్డును తప్పించుకున్న ప్రతిసారీ ప్రాణం కుదుటపడేది. నడిచి దిగాను కాబట్టే బతికానని మెదడు రాసుకునేది. భయానికి మేత వేస్తున్నది నేనే.

1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కుందేలుకు భయపడే పీటర్ అనే పసివాడి విషయం రాశారు. వాడు ఇష్టమైనది తింటుండగా కుందేలును దూరం నుంచి కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చారు. చివరికి వాడు దాన్ని నిమిరాడు. మీరూ అలాగే దూరం నుంచి మొదలుపెట్టండి. నేను వారం పాటు రోజూ అలిపిరిలో ఆగిన బస్సుల పక్కన కూర్చున్నాను. తర్వాత ఎక్కే దారి, ఆ తర్వాత దిగే దారిలో మధ్య సీటు, చివరికి కిటికీ పక్క సీటు.

బయలుదేరే ముందు ఏం జరుగుతుందని భయమో కచ్చితంగా రాసుకోండి. ‘మలుపులో బ్రేకు పడదు’ అని రాశాను. కిందికి వచ్చాక ఏం జరిగిందో దాని పక్కనే రాశాను. అనుకున్నదీ జరిగినదీ వేరైన చోటే మెదడు కొత్త పాఠం నేర్చుకుంటుంది.

భయానికి ఊతంగా పట్టుకునే చేతికర్రలు వదిలేయండి. నేను వాసన రాకుండా ముక్కు దగ్గర నిమ్మకాయ పట్టుకునేదాన్ని. మూడు వారాలు రోజూ దిగినా భయం తగ్గలేదు, నిమ్మకాయే కాపాడిందనుకున్నాను కాబట్టి. దాన్ని ఇంట్లో వదిలేసి వచ్చిన రాత్రి గుండె గొంతులోకి వచ్చింది. అయినా అలాగే కూర్చున్నాను. అలిపిరి చేరేలోపే దడ దానంతట అదే దిగింది.

ఒక్క వేళకూ ఒక్క సీటుకూ అలవాటు పడకండి. వానలో, రాత్రిపూట, ఒంటరిగా కూడా దిగండి. పాత ముడి చెరిగిపోదు, దాని పక్కన కొత్త జ్ఞాపకం ఏర్పడుతుంది. నుదుటి వెనుక ఉన్న మెదడు భాగం దాని సాయంతో అమిగ్డలాను అదుపు చేస్తుంది. కానీ ఆ కొత్త జ్ఞాపకం నేర్చుకున్న చోటికే అంటుకుని ఉంటుంది, అందుకే ఇన్ని రకాలుగా దిగమంటున్నాను.

డ్రైవరు నిజంగానే వేగంగా పోతుంటే మాత్రం ఆ భయం సరైనదే, నెమ్మదిగా పొమ్మని చెప్పండి. దాడికో ఘోర ప్రమాదానికో గురైనవారు దీన్ని ఒంటరిగా మొదలుపెట్టవద్దు, మానసిక నిపుణుల తోడు తీసుకోండి.

నిరుడు రెండు నెలలు మదనపల్లెలో కూతురి దగ్గర ఉండి వచ్చాక, మొదటి రాత్రే పాత దడ తిరిగొచ్చింది. ఎడం వస్తే ఇలా తిరిగి రావడం మామూలేనని తెలుసు కాబట్టి మెట్లదారికి పోలేదు. ఆ వారం నాలుగు రాత్రులు వరుసగా కిటికీ పక్కనే కూర్చుని, అద్దం తెరిచి దిగాను.